అటక దిగిన గిటార్: పెద్ద వయసులో మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకి ఒక పాఠం



వీడియోలో వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించాను. చూస్తే సరిపోయేవి కొన్ని ఉంటాయి, నిదానంగా చదువుకుంటే గానీ బుర్రలో నిలవనివి కొన్ని ఉంటాయి. ఆ రెండో రకం ఇక్కడ రాస్తున్నాను.

ఈ పాఠం చిన్నపిల్లలకి కాదు. ఎప్పుడో కాలేజీ రోజుల్లో గిటార్ పట్టుకుని, ఉద్యోగం, పెళ్ళి, పిల్లల ఫీజుల మధ్య దాన్ని వదిలేసి, ఇప్పుడు యాభై ఐదుకో అరవైకో మళ్ళీ చేతిలోకి తీసుకుందామనుకునే వాళ్ళకి. వాళ్ళకి ఫోన్‌లో యాప్‌లు పెట్టి ఇచ్చే నాలాంటి కొడుకులకీ, కూతుళ్ళకీ కూడా. నిజం చెప్పాలంటే ఈ రెండోవాళ్ళకే ఎక్కువ అవసరం. ఎందుకో ఐదో భాగంలో మీకే తెలుస్తుంది.

నేను సంగీతం మాస్టారిని కాను. ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. నాలుగేళ్ళుగా గిటార్ వాయిస్తున్నాను, అంతే. మా నాన్నగారు రాజమండ్రిలో ఉంటారు. వయసు 63. కుర్రతనంలో పెళ్ళిళ్ళకీ, వినాయక చవితి పందిళ్ళకీ పాడే ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటార్ వాయించేవారట. నేను పుట్టకముందే మానేశారు. నాకు 28 ఏళ్ళు వచ్చేదాకా ఆయన ఒక్క తీగ మీటగా నేను వినలేదు. గిటార్ మాత్రం ఇంట్లోనే ఉండేది, అటక మీద, పాత దుప్పటి చుట్టి. రిటైరయ్యాక ఒక రోజు ఆయనే నిచ్చెన వేసుకుని దించారు. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

1. దించగానే తీగలు బిగించకండి

ఏళ్ళ తరబడి అటక మీద ఎండకి ఎండి, వానకి చెమ్మ పట్టిన చెక్క అది. తీగలన్నీ పూర్తి శ్రుతికి బిగిస్తే గిటార్ మీద పడే లాగుడు ఒక బరువైన మనిషి వేలాడినంత ఉంటుంది. పాత జిగురు దాన్ని ఆపలేకపోవచ్చు. అందుకని ముందు మూడు చూడండి. తీగలు కట్టే బ్రిడ్జి వెనకవైపు లేచిందా? ఒక కాగితం అంచు దాని కిందికి దూరితే లేచినట్టే. మెడ విల్లులా వంగిందా? తీగలు తుప్పు పట్టాయా?

తుప్పు పట్టిన తీగలు పారేయాల్సిందే. వేలికి గుచ్చుకుంటాయి, శ్రుతి నిలవదు. కొత్తవి కొనేటప్పుడు సన్నవి అడగండి. ప్యాకెట్ మీద ‘ఎక్స్‌ట్రా లైట్’ అని ఉంటుంది, మొదటి తీగ మందం 0.010 అంగుళాలు. నాన్నగారు కుర్రాడిగా ఉన్నప్పుడు లావు తీగలు వాయించారట, ఇప్పుడూ అవే కావాలన్నారు. వద్దని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

తరవాత తీగ ఎత్తు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎడం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయి. మా గిటార్‌కి ఐదు ఉంది! అలాంటిదాన్ని నొక్కి నొక్కి ‘నా వేళ్ళల్లో బలం పోయింది’ అనుకుని మానేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ముందు గిటార్ బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. మీ వయసుని తిట్టుకునేముందు తీగ ఎత్తు కొలవండి. ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకున్నా ఈ పాఠం చదివినందుకు ఫలితం దక్కినట్టే.

2. శ్రుతి: ముందు చెవి, తరవాత ఫోన్

లావు తీగ నుంచి సన్న తీగ దాకా మామూలు శ్రుతి ఇదీ: ఈ (82.4 హెర్ట్జ్), ఏ (110), డి (146.8), జి (196), బి (246.9), ఈ (329.6). ట్యూనర్ యాప్ తెరిచి తీగ మీటితే అక్షరం చూపించి, ఎక్కువో తక్కువో ముల్లు చెప్తుంది.

పాతవాళ్ళకి ఇది అవమానంగా అనిపిస్తుంది. నాన్నగారు హార్మోనియం మెట్టు విని శ్రుతి చేసుకున్న మనిషి. "చెవి ఉండగా ఫోనెందుకురా?" అన్నారు. ఆయన మాటలో సగం నిజం ఉంది. అందుకని మేం ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు పాత పద్ధతిలో చెవితో చేసుకోవాలి. అంటే ఆరో తీగని ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే స్వరమే ఖాళీ ఐదో తీగ స్వరం. అలాగే ఒక్కో తీగా దిగుతూ రావాలి. ఒక్క మూడో తీగ దగ్గర మాత్రం ఐదు కాదు, నాలుగో ఫ్రెట్. అంతా అయ్యాక ట్యూనర్‌తో సరిచూసుకోవాలి. ఇలా చేస్తే ట్యూనర్ మీ చెవికి బదులు పనిచేయదు, మీ చెవికి పాఠం చెప్తుంది.

రెండు చిన్న సంగతులు. తీగని ఎప్పుడూ కిందనుంచి పైకి బిగిస్తూ శ్రుతికి తీసుకురండి. ఎక్కువైతే బాగా వదిలేసి మళ్ళీ పైకి రండి, అప్పుడే నిలుస్తుంది. ఇంట్లో టీవీ సీరియల్ మోగుతుంటే ఫోన్ ట్యూనర్ తికమక పడుతుంది. గిటార్ తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ చెక్క అదురుని పట్టుకుంటుంది కాబట్టి దానికి ఆ బాధ లేదు.

3. చెయ్యి మర్చిపోదు, బలం మర్చిపోతుంది

మొదటిరోజు నాన్నగారి ఎడమచెయ్యి సి కార్డ్ ఆకారానికి దానంతటదే వెళ్ళింది. ఆయనే ఆశ్చర్యపోయారు. కానీ నొక్కితే మూడు తీగలు మూగపోయాయి. మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళ అసలు చిక్కు ఇదే. బుర్రకి అంతా గుర్తుంటుంది, వేలు రాదు. కొత్తగా నేర్చుకునేవాడికి ఉండని కోపం వీళ్ళకి ఉంటుంది, ఎందుకంటే ఒకప్పుడు వచ్చు కాబట్టి.

దీనికి మందు రోజూ 15 నిమిషాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజూ పావుగంట మేలు. మధ్యలో నిద్రపోయిన రాత్రులు కూడా సాధనలో భాగమే, వేళ్ళు నేర్చుకున్నది నిద్రలో గట్టిపడుతుంది. వేలి చివర చర్మం గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా మంట మామూలే. కానీ మణికట్టులో నొప్పి, వేళ్ళల్లో తిమ్మిరి మామూలు కాదు. అవి వస్తే ఆపేసి డాక్టరుకి చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళకి వేలి చివర స్పర్శ తగ్గి ఉండొచ్చు, కందినా తెలియదు. రోజూ ఒకసారి వేళ్ళు చూసుకోండి.

ఇంకో కిటుకు: కాపో. మెడకి బిగించే చిన్న పట్టకారు లాంటిది. ఫ్రెట్‌ల మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండదు కదా. 650 మిల్లీమీటర్ల తీగకి మొదటి ఫ్రెట్ గది సుమారు 36 మిల్లీమీటర్లు, పన్నెండోది 19. ఐదో ఫ్రెట్ దగ్గర కాపో బిగిస్తే మీకు మొదటి గది 27 మిల్లీమీటర్లే అవుతుంది. వేళ్ళు అంత దూరం చాచక్కర్లేదు, నొక్కడమూ తేలిక. శ్రుతి పెరుగుతుంది, పెరగనివ్వండి. నెలకో ఫ్రెట్ చొప్పున కాపోని వెనక్కి జరుపుకుంటూ రండి. ఐదు నెలలకి మామూలు మెడ మీద ఉంటారు.

4. ఒక్క తీగ మీద సరళీ స్వరాలు

కార్డ్‌లు రావట్లేదని దిగులుపడే రోజుల్లో ఇది చేయండి. మనవాళ్ళు చిన్నప్పుడు సంగీతం క్లాసులో విన్నదే, మాయామాళవగౌళ. ఒక్క తీగ మీద ఫ్రెట్ నంబర్లు ఇవి:

స (ఖాళీ తీగ), రి 1, గ 4, మ 5, ప 7, ద 8, ని 11, పై స 12.

అదే శంకరాభరణం అయితే 0, 2, 4, 5, 7, 9, 11, 12. మోహనం అయితే 0, 2, 4, 7, 9, 12. మూడు వరసలూ పక్కపక్కన రాసుకుని చూడండి, రాగం మారితే వేలు ఎక్కడ జరుగుతుందో కంటికి కనిపిస్తుంది. గిటార్ ఫ్రెట్‌లు స్వరాన్ని ఒకచోట కట్టిపడేస్తాయి, గమకం పలకాలంటే తీగని పక్కకి లాగాలి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఫ్రెట్‌లున్న వాద్యం మీద, అదీ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద, కర్ణాటక సంగీతం ఎలా పలికించారో మనకి తెలుసు. మనం అంతదూరం వెళ్ళక్కర్లేదు. వేలు పడిన చోట స్వరం శుభ్రంగా మోగితే ఈ వారానికి చాలు.

మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దగ్గర పెట్టుకోండి. ఒక దెబ్బకి ఒక స్వరం. ఇక్కడే అసలు కథ.

5. తాళం తప్పింది ఎవరు?

సంక్రాంతికి నాన్నగారికి వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొనిచ్చాను. మెట్రోనోమ్ చప్పుడుకి అమ్మ విసుక్కుంటోందని. ఫోన్‌లో ఒక రికార్డింగ్ యాప్ పెట్టాను. అందులో మెట్రోనోమ్ దెబ్బలు నిలువు గీతల్లా, మనం వాయించింది అలల్లా కనిపిస్తాయి. గీత మీద అల మొదలైతే తాళంలో ఉన్నట్టు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, కొలిచి చూపిస్తే బాగుపడతారని నా ఆలోచన.

నాన్నగారు మొదటి రికార్డింగ్ పంపించారు. తెరిచి చూస్తే ప్రతి మీటూ గీత దాటాకే. ఒక్కటంటే ఒక్కటి కూడా సమయానికి లేదు. వీడియో కాల్‌లో చెప్పాను:

"నాన్నా, అన్నీ లేటే. మీకు లయ పోయింది. ముందు చేత్తో తాళం వేయడం నుంచి మొదలుపెడదాం."

"వాయిస్తున్నప్పుడు సరిగ్గానే ఉందిరా," అన్నారు.

"మీకు అలా అనిపిస్తుంది. స్క్రీన్ అబద్ధం చెప్పదు కదా."

ఆయన మళ్ళీ పెట్టుకుని విన్నారు. ఆలస్యంగానే వినిపించింది ఆయనకి కూడా. ఏమీ అనలేదు. ఆర్కెస్ట్రాలో రిథమ్ వాయించిన మనిషికి ‘లయ పోయింది’ అనే మాట ఎలా తగులుతుందో నాకప్పుడు తట్టలేదు. తరవాత రికార్డింగ్‌లు రావడం మానేశాయి. అడిగితే "వేళ్ళు నొప్పిగా ఉన్నాయి" అనేవారు. మూడో వారం అమ్మ ఫోన్ చేసింది: "గిటార్ మళ్ళీ అటకెక్కించమంటున్నారురా. వయసైపోయింది, చెయ్యి నెమ్మదించిందంటున్నారు. నువ్వేమన్నావు?"

ఆ వారమే ఆఫీసులో ఒక సమస్య మీద కూర్చున్నాను. రెండు సర్వర్ల లాగ్‌లు పోల్చి చూస్తే ఒకదానిలో ప్రతి సంఘటనా ఆలస్యంగా నమోదవుతోంది. పక్కనున్న సీనియర్ ఒక్క మాటన్నాడు: "ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటే మనిషిని కాదు, గడియారాన్ని అనుమానించు." నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

ఆ రాత్రి నాన్నగారి రికార్డింగ్ మళ్ళీ తెరిచాను. ఈసారి లేటా కాదా అని కాదు, ఎంత లేటు అని కొలిచాను. 210 మిల్లీసెకన్లు. తరవాతది 214. తరవాత 207. 211. అలా ముప్పై రెండు మీట్లు. అన్నీ 210కి కాస్త అటూ ఇటూ. తాళం పోయిన మనిషి అలా వాయించలేడు. అతను ఒకసారి ముందు, ఒకసారి వెనక పడతాడు.

జరిగింది ఇదీ. వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌కి ధ్వని నేరుగా వెళ్ళదు. ఫోన్ దాన్ని ముక్కలు చేసి, కుదించి, గాల్లో పంపిస్తే, అవతల విప్పి వినిపించాలి. దానికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే ఫోన్ దెబ్బ కొట్టిన 210 మిల్లీసెకన్ల తరవాత నాన్నగారికి వినిపిస్తోంది. ఆయన విన్న దెబ్బ మీద సరిగ్గా మీటుతున్నారు. ఫోన్ మైకు మాత్రం ఆ మీటుని తన గీతతో పోల్చి ‘లేటు’ అంటోంది. అందుకే వాయించేటప్పుడు సరిగ్గా ఉండి, విన్నప్పుడు తప్పుగా ఉంది. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 210 మిల్లీసెకన్లంటే తబలా వాయించేవాడు 70 మీటర్ల దూరంలో, వీధి చివర కూర్చున్నట్టు. అంత దూరం నుంచి వచ్చే దెబ్బ మీద ఆయన తప్పకుండా మీటారు.

పోలికకి నేను వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని అదే వరస వాయించి కొలుచుకున్నాను. నావి ముందు 30, వెనక 40, చెల్లాచెదురుగా ఉన్నాయి. ఏ రికార్డింగ్ చూపించి ఆయనకి లయ పోయిందన్నానో, ఆ రికార్డింగే ఆయన లయ నాకంటే గట్టిదని చెప్తోంది. నేనే చదవలేదు.

శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కాను. ఫోన్‌లో చెప్పే విషయం కాదనిపించింది. పొద్దున్నే కాఫీ తాగుతూ అంకెలన్నీ కాగితం మీద రాసి చూపించాను. "తప్పు మీది కాదు నాన్నా. నేను కొనిచ్చినదానిది. దాన్ని నమ్మి మిమ్మల్ని నమ్మని నాది." ఆయన కాగితం చాలాసేపు చూశారు. "207 దగ్గర కొంచెం తొందరపడ్డానన్నమాట," అన్నారు. అంతే. గిటార్ ఇంకా అటకెక్కలేదు, తలుపు వెనకే ఉంది. ఆయనే వెళ్ళి తీసుకొచ్చుకున్నారు.

కాబట్టి పాఠం:

సాధనకి వైరున్న ఇయర్‌ఫోన్ వాడండి. వైర్‌లెస్ పాటలు వినడానికి మంచిదే, తాళంతో వాయించడానికి పనికిరాదు.

ఇంకా తేలిక దారి రెండు ఫోన్లు. ఒకదాన్లో మెట్రోనోమ్ స్పీకర్ మీద మోగనివ్వండి, రెండోదాన్లో రికార్డ్ చేయండి. రెండు చప్పుళ్ళూ ఒకే గాల్లోంచి ఒకే మైకుకి చేరతాయి, మోసం ఉండదు.

అనుమానం వస్తే చప్పట్ల పరీక్ష. మెట్రోనోమ్‌తో పాటు పది చప్పట్లు కొట్టి రికార్డ్ చేయండి. పదీ ఒకేలా ఆలస్యమైతే పరికరం దోషం. ఒక్కోటి ఒక్కోలా ఉంటే సాధన చేయాలి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

6. దూరాన ఉన్నవాళ్ళతో వాయించేటప్పుడు

వీడియో కాల్ యాప్‌లు మనిషి గొంతు కోసం తయారయ్యాయి. ఆగకుండా మోగే తీగ శబ్దాన్ని ఫ్యాను హోరు అనుకుని తొక్కేస్తాయి. మీటిన వెంటనే స్వరం చచ్చిపోయినట్టు వినిపిస్తే గిటార్‌ని తప్పుపట్టకండి. సెట్టింగ్స్‌లో నాయిస్ సప్రెషన్ ఆపేయండి. కొన్నిటిలో సంగీతానికి విడిగా ‘ఒరిజినల్ సౌండ్’ అని ఉంటుంది, అది పెట్టండి. ఇద్దరూ ఒకేసారి వాయిద్దామని ప్రయత్నించకండి, నెట్‌లోనూ అదే ఆలస్యం. ఒకరి తరవాత ఒకరు వాయించుకోవడమే పద్ధతి.

పాట నేర్చుకునేటప్పుడు వీడియో వేగాన్ని 0.75కి తగ్గించండి. శ్రుతి మారదు, వేగమే తగ్గుతుంది. కష్టంగా ఉన్న నాలుగు సెకన్లే మళ్ళీ మళ్ళీ వినండి. పాట మొదటినుంచి వాయిస్తూ పోతే వచ్చిన చోటే బాగా వస్తుంది, రానిచోట ఎప్పుడూ రాదు.

ఈ వారం సాధన

2 నిమిషాలు శ్రుతి (ముందు చెవి, తరవాత ట్యూనర్). 4 నిమిషాలు ఒక్క తీగ మీద సరళీ స్వరాలు, 60 వేగంలో. 5 నిమిషాలు ఈ మైనర్ నుంచి ఏ మైనర్‌కి, మళ్ళీ వెనక్కి. నిమిషానికి ఎన్నిసార్లు శుభ్రంగా మార్చగలిగారో క్యాలెండర్ మీద రాసుకోండి. 4 నిమిషాలు మీకిష్టమైన పాట. చివరి నాలుగు నిమిషాలు ఎట్టి పరిస్థితిలోనూ వదలొద్దు. దానికోసమేగా గిటార్ దించింది. వారానికి ఒక్కసారి రికార్డ్ చేసి, వెంటనే వినకుండా రెండు రోజులు ఆగి వినండి. అప్పటికి కోపం తగ్గి, చెవి న్యాయంగా ఉంటుంది.

పిల్లలకి ఒక్క మాట. అమ్మానాన్నలకి ఏ యాప్ పెట్టి ఇచ్చినా ముందు అదే ఏర్పాటుతో, అదే ఇయర్‌ఫోన్‌తో మీరు వాయించి చూసుకోండి. నేను ఆ పని చేసి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది, మూడు వారాలు పోయేవి కావు. "సరిగ్గానే ఉందిరా" అని వాళ్ళు అన్నప్పుడు అది కూడా ఒక కొలతే. స్క్రీన్ పక్కన దాన్ని కూడా రాసుకోండి.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి నాన్నగారి దగ్గర్నుంచి నలభై సెకన్ల రికార్డింగ్ వస్తుంది. కొన్నిరోజులు "ఈరోజు వేళ్ళు రాలేదు" అని మాత్రమే వస్తుంది. కాపో మూడో ఫ్రెట్‌కి వచ్చింది. ఎఫ్ కార్డ్ ఇంకా మొరాయిస్తోంది. నేను గీతలు చూడటం మానేసి, ముందు కళ్ళు మూసుకుని వింటున్నాను.

వచ్చే పాఠంలో ఎఫ్ కార్డ్‌ని పూర్తిగా కాకుండా నాలుగు తీగల మీద చిన్నగా ఎలా పట్టుకోవాలో చూద్దాం. అప్పటిదాకా రోజూ పావుగంట. ఉంటానండీ.